ఇచ్చి వచ్చేస్తే సరిపోతుందా?

కొన్నేళ్ళ క్రితం మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి పన్నెండు కంప్యూటర్లు తీసుకెళ్ళాం. కొత్తవేం కాదు, నేను పనిచేసే చోట పక్కన పెట్టేసినవి. అడిగితే తీసుకుపొమ్మన్నారు. పూర్వ విద్యార్థులం నలుగురం కలిసి వ్యాను మాట్లాడుకుని, దారిపొడుగునా మానిటర్లు ఎక్కడ పగులుతాయోనని భయపడుతూ ఊరు చేర్చాం. రెండు రాత్రులు కూర్చుని అన్నింట్లోనూ లినక్స్ ఎక్కించాం. మూడోరోజు హెడ్‌మిస్ట్రెస్ గారు కొబ్బరికాయ కొట్టారు. నేను పిల్లలకి సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఫోటోలు దిగాం. సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశాం.

ఆర్నెల్ల తర్వాత ఏదో పెళ్ళికని ఊరెళ్ళి, పనిలోపనిగా బడికి వెళ్ళాను. ల్యాబ్ గది తాళం తీయించి చూస్తే ఏడు మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. మిగతా ఐదింట్లో విండోస్ ఉంది. లైసెన్స్ లేని కాపీ అని తెరమీద ఓ మూల అదే చెప్పుకుంటోంది.

“ఎవరేశారు టీచర్ ఇది?” అనడిగాను.

“బజార్లో సెల్‌ఫోన్ షాపు కుర్రాడొచ్చి వేశాడు నాయనా. మిషన్‌కి రెండొందలు తీసుకున్నాడు.”

ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలోనే గోడమీద ‘దొంగతనము చేయరాదు’ అని నీలిరంగు పెయింటుతో రాసి ఉంది. నేను చదువుకునే రోజుల్లోనూ ఉండేది. దాని కిందే దొంగ కాపీ. ఆ మాట పైకి అనేశాను కూడా. ఆవిడ నొచ్చుకోలేదు. కుర్చీ చూపించి, ఒక్కొక్కటే చెప్పారు. ప్రింటర్ పలకలేదు. పై ఆఫీసు నుంచి వచ్చే మార్కుల షీటు తెరిస్తే లెక్కలన్నీ తప్పొచ్చాయి. పిల్లల పుస్తకంలో ఉన్న బొమ్మకీ తెరమీద కనపడేదానికీ పొంతన లేదు. లెక్కల మాస్టారికి కంప్యూటర్ క్లాసు అప్పజెప్పితే, పాడైపోతే తన మీదకొస్తుందని మిషన్ ఆన్ చెయ్యడానికే భయపడ్డారు.

“తప్పు తప్పే, కాదనను. మరి మాస్టారు నీకు రెండుసార్లు ఫోన్ చేశారు కదా, ఎత్తావా నాయనా?”

ఎత్తలేదు. తెలీని నంబరు కదా అని తిరిగి చెయ్యలేదు కూడా.

ఈ వ్యాసం ఆ రెండు మిస్డ్ కాల్స్ గురించే. బడులు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని ఎందుకు ఒప్పుకోవు అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం అలవాటు, అజ్ఞానం, కంపెనీల ప్రచారం అంటూ కారణాలు వెతుకుతాం. అవన్నీ ఉన్నాయి. కానీ నా అనుభవంలో నాకు ఎదురైన ప్రశ్న వేరు. ఒక మంచి సూత్రాన్ని నమ్మినవాడు దాని ఖర్చుని ఎవరి చేత మోయిస్తున్నాడు?

*

ముందు ఆ సూత్రం మంచిదేనా అన్నది చూద్దాం. నేను ఇప్పటికీ మంచిదనే అంటాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. తర్వాత వచ్చిన సవరణలతో అది కంప్యూటర్ ప్రోగ్రాముని ‘సాహిత్య రచన’ కింద లెక్కేస్తుంది. సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి ఈ మాట మీద కాసేపు ఆగొచ్చు. బడికి ఒక పుస్తకం వచ్చిందనుకోండి. దాన్ని ఎవరూ విప్పి చూడకూడదు, అందులో ఏముందో అడగకూడదు, పక్క పిల్లాడికి ఇవ్వకూడదు, తప్పు కనిపిస్తే దిద్దకూడదు. అలాంటి పుస్తకాన్ని ఏ లైబ్రరీలో పెడతాం? సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఇది మనకి వింతగా తోచదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన దగ్గర్నుంచి వాదిస్తున్నది ఇదే. ప్రోగ్రాముని కావలసిన పనికి వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తోందో చదివి మార్చుకోవడం, ఇతరులకి పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. ఈ నాలుగూ వాడేవాళ్ళ హక్కులు అంటాడాయన.

ఇంగ్లీషువాళ్ళకి ఇక్కడొక చిక్కుంది. డబ్బు తీసుకోకపోవడానికీ స్వతంత్రానికీ వాళ్ళు ‘ఫ్రీ’ అనే ఒకే మాట వాడతారు. కాబట్టి ఆ రెండింటినీ విడదీసి చెప్పడానికే సగం ఊపిరి ఖర్చయిపోతుంది. మనకి ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అయినా ఆ రోజు బళ్ళో నేను స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే విన్నవాళ్ళంతా ఉచితం గురించే అనుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. పాత కంప్యూటర్లు ఊరికే ఇచ్చి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ వేసి, ఊరికే ఓ ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోయినవాణ్ణి చూస్తే ఎవరికైనా ఉచితమే గుర్తొస్తుంది.

కంపెనీలు కూడా బడులకి ఉచితంగా, లేదా బాగా తక్కువకి ఇస్తాయి. స్టాల్‌మన్ దీన్ని పొగాకు కంపెనీలు పిల్లలకి సిగరెట్లు పంచడంతో పోల్చాడు. నాకిది కొంచెం ఎక్కువనిపిస్తుంది. సిగరెట్టు ఎవరిచ్చినా ఊపిరితిత్తులు పాడవుతాయి. ఒక వర్డ్ ప్రాసెసర్‌లో సెలవు చీటీ రాసుకున్న పిల్లకి అలాంటి హాని ఏమీ జరగదు. కానీ పోలిక అతి అయినంత మాత్రాన అందులో సంగతి లేకుండా పోదు. బడి అనేది ఊరందరిదీ. అక్కడ పదేళ్ళ పిల్ల చేతికి అలవాటైన వస్తువు, పెద్దయ్యాక డబ్బుపెట్టి కొనే వస్తువు అవుతుంది. పిల్లని చదువుకోవడానికి పంపాం గానీ ఎవరికో ఖాతాదారుగా తయారుచెయ్యమని పంపలేదు.

ఇప్పుడైతే డబ్బుతో పాటు ఇంకోటి కూడా చెల్లిస్తున్నాం. 2022లో డెన్మార్క్‌లో హెల్సింగోర్ అనే చిన్న మునిసిపాలిటీ బడుల్లో గూగుల్ క్రోమ్‌బుక్‌ల వాడకాన్ని అక్కడి డేటా రక్షణ సంస్థ నిలిపేయమంది. పిల్లల సమాచారం ఎక్కడికి పోతోందో, ఎందుకు పోతోందో మునిసిపాలిటీ సరిగ్గా అంచనా వెయ్యలేదని దాని అభ్యంతరం. ఈ వ్యవహారం మొదలైంది ఒక తండ్రి ఇచ్చిన ఫిర్యాదుతో. బళ్ళో ఇచ్చిన ఖాతా మా పిల్లాడి గురించి ఎవరికి ఏం చెబుతోంది అని ఆయన అడిగాడు. లోపలికి తొంగిచూసే వీల్లేని ప్రోగ్రాము గురించి ఈ ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సింది దాన్ని చేసినవాళ్ళే. నమ్మాల్సింది వాళ్ళ మాటే.

*

సరే, సూత్రం మంచిది. మరి హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు నుంచి చూస్తే?

ఆవిడ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి చట్టబద్ధమైంది, స్వేచ్ఛనిచ్చేది, ఆమె పని జరగనిచ్చేది కాదు. రెండోది దొంగది, కానీ పని జరుగుతుంది, పైగా పాడైతే పిలవగానే వచ్చే కుర్రాడు బజార్లో ఉన్నాడు. ఆ సెల్‌ఫోన్ షాపు కుర్రాడికి నాకున్న జ్ఞానం లేదు. నాకు లేనిది ఒకటి అతనికి ఉంది. అతను దొరుకుతాడు.

నైతిక ప్రశ్నల్లో మనం తరచు మర్చిపోయేది ఇదేననుకుంటాను. సూత్రం ప్రకటించడం ఒకరి పని, దానితో రోజూ వేగడం ఇంకొకరి పని అయినప్పుడు, మొదటివాడికి పుణ్యం, రెండోవాడికి కష్టం మిగులుతాయి. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు అని సామెత. పుచ్చుకునేవాళ్ళ కృతఘ్నతని వెక్కిరించే సామెత ఇది. దాతగా ఆ రోజు నా మనసులో మెదిలిందీ అదే. ఇప్పుడాలోచిస్తే కుంచం పిచ్చదైతే పోట్లాడ్డంలో తప్పేముంది అనిపిస్తుంది. గింజలు కొలిచి వండాల్సింది వాళ్ళే కదా.

‘రేపు ఉద్యోగానికెళ్తే అక్కడ ఉండేది విండోసే కదా’ అనే వాదన కూడా ఉంది. దీనికి నా దగ్గరున్న సిద్ధమైన జవాబు ఇది. 2007లో ఎమ్మెస్ ఆఫీస్ తన పాత మెనూలన్నీ తీసేసి రిబ్బన్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అంతకుముందు ‘ఫార్మాట్ మెనూ నొక్కి ఫాంట్ ఎంచుకొనుము’ అని బట్టీపట్టిన పిల్లలందరి చదువూ ఒక్కరోజులో పాతబడింది. ఒక కంపెనీ సరుకు నేర్పితే ఆ సరుకు మారినప్పుడల్లా చదువు మారిపోతుంది. పేరా అంటే ఏమిటి, శీర్షికకీ లోపలి రాతకీ తేడా ఎలా చూపాలి, పట్టికలో వరుస ఏది నిలువు ఏది, ఇవి నేర్పితే ఎక్కడైనా పనికొస్తాయి.

ఈ జవాబు సరైనదే. కానీ దీని ఖర్చు కూడా ఒక పిల్లాడు కట్టాడు. అతని సంగతి తర్వాత చెప్తాను.

*

బడులు ఒప్పుకోవు అని నిరాశపడేవాళ్ళకి మన పక్కనే కేరళ ఉంది. అక్కడ ‘ఐటీ ఎట్ స్కూల్’ అనే ప్రభుత్వ పథకం 2001లో మొదలైంది. మొదట్లో అక్కడా పాఠాలు విండోస్ మీదే. టీచర్ల సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అభ్యంతరం చెప్పాక, క్రమంగా బడులు గ్నూ/లినక్స్ వైపు మళ్ళాయి. 2017లో ఆ పథకం ‘కైట్’ అనే ప్రభుత్వ కంపెనీ అయింది. 2019లో తమ సొంత లినక్స్ కూర్పు కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడు, అది రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలోకి వెళ్తుందనీ, లైసెన్సుల రూపంలో 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయనీ ఆ సంస్థ చెప్పుకుంది.

ఈ అంకెలు చూసి మనవాళ్ళు ‘చూశారా, డబ్బు ఆదా’ అంటారు. నాకు కేరళలో నచ్చింది ఆ ఆదా కాదు. ఖర్చు ఎక్కడ పెట్టారన్నది. శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లు బయటినుంచి వచ్చిన ఇంజనీర్లు కారు, బడి టీచర్లే. ప్రతి హైస్కూల్లో ఒక టీచరు ఐటీ కోఆర్డినేటర్. పాఠ్యపుస్తకం, ప్రాక్టికల్ పరీక్ష, ల్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి కలిసేలా చూశారు. 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి, వాళ్ళనీ ఈ పనుల్లోకి దింపారు. అంటే ఫోన్ ఎత్తే మనిషిని బళ్ళోనే తయారు చేసుకున్నారు. లైసెన్సుకి పోవాల్సిన డబ్బూ శ్రమా మనుషుల మీద పెట్టారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి ఖర్చు లేదనడం అబద్ధం. దాని ఖర్చు కంపెనీ ఖాతాకి వెళ్ళకుండా ఊళ్ళో మనిషికి చదువుగా మారుతుంది. అదీ ఎవరో ఒకరు మారిస్తేనే.

విధానాలు మనకీ ఉన్నాయి. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక విధానమే ప్రకటించింది. కాగితం మీద సూత్రం గెలిచినట్టే లెక్క. కానీ విధానం మా లెక్కల మాస్టారి ఫోన్ ఎత్తదు.

*

నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆఫీసు గదిలో వాళ్ళ పనికి వాడే కంప్యూటర్ జోలికి వెళ్ళలేదు. దానికి అసలు లైసెన్స్ మేం నలుగురం చందాలేసుకుని కొన్నాం. నా స్నేహితుల్లో ఒకడు ‘ఇదేం రాజీరా’ అన్నాడు. రాజీయే. టీచరు జీతం బిల్లు నా సిద్ధాంతం కోసం ఆగకూడదు. ల్యాబ్‌లో లినక్స్ ఉంచాం, కానీ మాస్టారు నేర్చుకున్నాకే, ఆయన సరేనన్నాకే. నెలకో శనివారం వెళ్ళేవాణ్ణి. వెళ్ళలేని నెల ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మొదటి ఏడాది ఆయన అడిగినవాటిలో సగం ప్రింటర్ గురించే. రెండో ఏడాదికి ఆయనే ఒక పాత హార్డ్ డిస్కు విప్పి పిల్లలకి చూపిస్తున్నారు.

ఒక శనివారం ఎనిమిదో తరగతి పిల్లలు బొమ్మలు వేసే ప్రోగ్రాము ఒకటి తెలుగులో పెట్టుకుని ఆడుకుంటున్నారు. తెర కింద వచ్చే సూచనలు చదివి ఒక పిల్ల పగలబడి నవ్వింది. ఎవరో నిఘంటువు ముందు పెట్టుకుని అనువాదం చేసినట్టున్నారు. “ఇలా ఎవరంటారు సార్!” అంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత అడిగింది, “ఇది మనం మార్చొచ్చా సార్?”

నేను మొదటిరోజు ఇచ్చిన ఇరవై నిమిషాల ఉపన్యాసం సారమంతా ఆ ప్రశ్నలో ఉంది. మార్చొచ్చు అన్నాను. ఆ అనువాదపు ఫైలు తెరిచి చూపించాను. పిల్లలంతా గుమిగూడి, వాదించుకుని, ఆరు వాక్యాలు తిరగరాశారు. ఆ బడి కంప్యూటర్లలో ఇప్పుడు వాళ్ళ వాక్యాలే ఉన్నాయి. ఆ ప్రోగ్రాము చేసేవాళ్ళకీ పంపాం. జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా ఫరవాలేదు. తన ముందున్న వస్తువు ఎవరో మనుషులు చేసిందేనని, తప్పుంటే తనలాంటివాళ్ళే దిద్దొచ్చని ఒక పదమూడేళ్ళ పిల్లకి తెలిసింది. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే ‘మార్చొచ్చు’ అనగలిగే స్థితిలో బడి ఉండాలి. ఓపెన్ సోర్స్ బళ్ళో ఎందుకుండాలంటే నేనిప్పుడు చెప్పే కారణం ఇదొక్కటే. డబ్బు ఆదా కూడా దీని తర్వాతే.

ఇప్పుడు ఆ పిల్లాడి సంగతి. మా ల్యాబ్‌లోనే యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద తెలుగు టైపింగ్ చక్కగా నేర్చుకున్నాడు. పది పాసయ్యాక ఇంట్లో పరిస్థితి బాగోక టౌన్లో ఒక డీటీపీ షాపులో పనికి వెళ్ళాడు. వాళ్ళు వాడేది పాత డీటీపీ ఫాంట్లు, వేరే కీబోర్డు. “మీరు నేర్పింది అక్కడ లేదన్నా” అన్నాడు ఫోన్లో. నిష్ఠూరం కాదు, ఉన్నమాట చెప్పాడంతే. రెండు నెలలు జీతం లేకుండా కూర్చుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు.

దీనికీ నా దగ్గర సిద్ధాంతం ఉంది. ఆ పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులై కనిపిస్తుంది. అలా కొట్టిన ఎన్నో పుస్తకాల ఫైళ్ళలో ఇవాళ ఒక్క మాట వెతుక్కోవాలన్నా కష్టమే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. సురన్న, ధూర్జటి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకుని మార్చుకునే లైసెన్సుతో వచ్చాయి. మీరిప్పుడు ఈ వ్యాసం చదవగలుగుతున్నది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఆ ప్రమాణం వల్లే. కాబట్టి నేను నేర్పిందే భవిష్యత్తు, ఆ షాపుది గతం.

అంతా నిజమే. కానీ ఆ రెండు నెలలు గడవాల్సింది ఆ పిల్లాడి ఇంట్లో. భవిష్యత్తు నాతో ఉందని వాళ్ళమ్మకి చెప్పి ఏం లాభం? ఇప్పుడు మా ల్యాబ్‌లో పదో తరగతి వాళ్ళకి చివర్లో కొన్ని క్లాసులు, టౌన్లో ఏం వాడుతున్నారో అది కూడా చూపిస్తున్నారు మాస్టారు. ఆ డీటీపీ షాపాయన్నే ఒకరోజు పిలిచారు. ఆయన వచ్చి తన కీబోర్డు గురించి చెప్పి, వెళ్తూ వెళ్తూ యూనికోడ్‌లో వేసిన పుస్తకం చూసి, మా మాస్టార్ని నాలుగు ప్రశ్నలడిగి వెళ్ళాడు.

ఈ మధ్య నాకు తెలిసిన ఒకమ్మాయి వాళ్ళ ఊరి బడికి కంప్యూటర్లు ఇవ్వాలనుకుంటున్నానని, ఏ లినక్స్ వెయ్యమంటారని అడిగింది. ఏదైనా పరవాలేదన్నాను. ముందు అక్కడి టీచరు నంబరు ఫోన్లో పేరుతో సేవ్ చేసుకోమన్నాను.